పిన్ని విన్న రికార్డు

లండన్,
14 అక్టోబరు 1973, ఆదివారం

పిన్నీ,

ముందు పార్సెల్ విప్పు, తరవాత ఈ ఉత్తరం చదువు. అట్టముక్కల మధ్య ఉన్నది మా రికార్డే. అంచులు పట్టుకుని తియ్యి, మధ్యలో వేళ్ళు పెట్టకు.

అట్ట మీద రేకుతో చేసిన కొంగ ఉంది చూడు, మా బ్యాండు పేరు అదే, తగరపు కొంగ. రికార్డు పేరు ‘పడమటి గేటు’. పేర్లన్నీ జూలియన్ పెట్టినవి. జూలియన్ అంటే మా గిటారిస్టు, ఇదివరకు రాశానే, మా అందరికీ పెద్ద. జాజ్ వాళ్ళ వంకర లెక్కలూ రాక్ వాళ్ళ మోతా కలిపి వాయిస్తాం. నీకు జాజూ అలవాటు లేదు, రాకూ పడదు. అయినా నాకోసం విను.

ఇప్పుడు అట్ట వెనక్కి తిప్పి కళ్ళజోడు పెట్టుకో. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘బేస్ గిటార్: డెరెక్ హార్‌గ్రీవ్స్’ అని ఉందా? అమ్మ పోయాక తొమ్మిదేళ్ళవాణ్ణి తెచ్చుకుని, మిల్లులో మగ్గాల దగ్గర రోజంతా నిలబడి నువ్వు పెంచినవాడి పేరు అది. దుకాణాల్లో కొన్నవాళ్ళు ఎవరూ అంత కిందికి చూడరులే.

పత్రికలు బాగానే రాశాయి. ఒకదాంట్లో పేజీ నిండా జూలియన్ గిటారు గురించే. నా గురించి ఒక ముక్క ఉంది: “బేస్ ఫరవాలేదు.” మా డ్రమ్మర్ లెస్టర్ ఆ ముక్క కత్తిరించి వాళ్ళ వంటింట్లో అంటించాడు. లెస్టర్ ట్రినిడాడ్ వాడు. “ఫరవాలేదు గారూ, టీ తాగుతారా?” అని పిలుస్తున్నాడు నన్ను వారం నుంచీ.

మన వీధిలో ఫోన్ ఉన్న గ్రిమ్‌షా కొట్టుకి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ నువ్వు వచ్చి “సరే నాయనా, సరే, ఉంటా” అని పెట్టేశావు. నేనడిగింది నీ మోకాలు ఎలా ఉందని!

మొత్తం విని రాయి. ఉన్నదున్నట్టు రాయి.

నీ డెరెక్


నెల్సన్, లాంకషైర్,
28 అక్టోబరు 1973

నాన్నా డెరెక్,

పేరు చూశాను. కళ్ళజోడు చాల్లేదు, మీ తాతయ్య భూతద్దం తీయాల్సి వచ్చింది.

మోకాలు చలికి పట్టేస్తోంది, అంతకుమించి ఏం లేదు. పార్కిన్ కేకు చేశాను, డబ్బాలో పెట్టి పంపుతాను. రెండు రోజులు ఆగి తిను, అప్పుడే మెత్తబడుతుంది. మా మిల్లులో పై అంతస్తు మగ్గాలు ఆపేశారు. ఆర్డర్లు లేవట. నా పక్క మగ్గాల బెర్తా “మనల్ని కూడా నూనె తుడిచి పక్కన పెట్టేస్తారే” అంటోంది. దాని మాటలకేం.

రికార్డు సంగతి. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, టోపీ కూడా తీయకుండా పెట్టాను. మొదటి పాటలో వెంటనే వచ్చేశావు. బరువు బూట్ల మనిషి మెట్లెక్కుతున్నట్టు ఉంది. తొందర లేదు. నాలుగు మెట్లెక్కుతాడు, ఏదో మర్చిపోయినట్టు ఒక మెట్టు దిగుతాడు, మళ్ళీ ఎక్కుతాడు. ఆ దిగినప్పుడల్లా నాకు నవ్వొచ్చింది. రెండో పాటలో దెబ్బలు వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఏడొచ్చింది. ఏడేమిటా అని మళ్ళీ లెక్కపెట్టాను. ఏడే. మూడో దాంట్లో నువ్వు ఒక్క స్వరం పట్టుకుని వదల్లేదు. కుర్చీ చెయ్యి కూడా వణికింది.

రెండో వైపు కూడా విన్నాను. అందులో మూడోది నాకు మరీ నచ్చింది. నెమ్మదిగా కిందికి దిగి, దిగి, ఆగిపోయావు. ఎంత బాగా ముగించావురా! సూది ఎత్తేసి రికార్డు మళ్ళీ అట్టలో పెట్టాను.

ఇంతకీ ఆ జూలియన్ ఏం వాయిస్తాడన్నావు? అతనికీ మిగతావాళ్ళకీ నా ఆశీస్సులు.

ఊలు మేజోళ్ళు వేసుకో.

ఎల్సీ పిన్ని


లండన్,
9 నవంబరు 1973

పిన్నికి,

కేకు అందింది. లెస్టర్ సగం తినేశాడు.

ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. రికార్డు పూర్తిగా విన్నావా? రెండో వైపు మూడో పాట నేను ఆగిన చోట ముగియదు. అక్కణ్ణుంచి ఇంకా నాలుగు నిమిషాలుంది. జూలియన్ ఒక్కడే గిటారు వాయిస్తాడు, నేను చేతులు కట్టుకుని నిలబడతాను. పత్రికలన్నీ రాసింది ఆ నాలుగు నిమిషాల గురించే. జనం రికార్డు కొంటున్నది దానికోసమే. నువ్వేమో బాగా ముగించావని రాశావు.

నచ్చకపోతే నచ్చలేదని చెప్పు. చిన్నప్పుడు బొగ్గుతో గోడ మీద గీసినదాన్ని కూడా నువ్వు భలే ఉందనేదానివి. నాకిప్పుడు ఇరవయ్యారేళ్ళు. ఐదుగురు వాయించిన రికార్డులో నన్నొక్కణ్ణే పొగిడితే నాకు సంతోషంగా ఉంటుందనుకున్నావా? జాలిపడ్డట్టుంది.

ఇక్కడ సంగతులు కూడా బాగాలేవు. వసంతంలో జరిగే కచేరీల తరవాత బేస్‌కి ఒక అమెరికా అతన్ని పిలిపిస్తాడట జూలియన్. అతను నాలుగు తీగల మీద నలభై తీగలంత హడావుడి చేస్తాడు. నాకు మొహం మీద చెప్పలేదు, మేనేజరు నోరుజారాడు.

మొన్న ఆదివారం మళ్ళీ ఫోన్ చేశాను. మిసెస్ గ్రిమ్‌షా నిన్ను పిలిచింది. నువ్వొచ్చి “రాంగ్ నంబరండీ” అని పెట్టేశావు. నా గొంతు కూడా గుర్తుపట్టలేదా? నామీద కోపమైతే చెప్పు.

డెరెక్


నెల్సన్,
20 నవంబరు 1973

డెరెక్,

కోపం నాకు లేదు, నీకే ఉన్నట్టుంది.

మన రేడియోగ్రామ్ ముసలిదైపోయింది. దాంట్లో ఎంత వస్తే అంతే విన్నాను. టెలిఫోను నాకు తలనొప్పి. ఆ కొట్లో జనం మధ్య నిలబడి ఇంటి విషయాలు మాట్లాడ్డం నాకు చేతకాదు. నీ లండన్ వాళ్ళకి అలవాటేమో.

ఆ జూలియన్ పెద్దింటి బిడ్డ అని నువ్వే ఒకసారి రాశావు. పెద్దింటి గిటార్లని ఎలా మెచ్చుకోవాలో నాకు తెలియదు. మెచ్చుకోకపోతే నీకు నామోషీగా ఉంటుందని ముందే తెలిస్తే ఎవర్నైనా అడిగి రాసేదాన్ని. నాకు తోచింది రాశాను. జాలిపడేంత తీరిక నాకెక్కడిది, పొద్దున్నుంచీ ఆరు మగ్గాలు చూసుకోవాలి.

మఫ్లర్ అల్లాను. ఈ పొట్లంలోనే ఉంది.

ఎల్సీ


లండన్,
16 డిసెంబరు 1973

పిన్నికి,

మఫ్లర్ బాగుంది. నామోషీ అన్న మాట నేననలేదు. నువ్వే అనుకున్నావు.

క్రిస్మస్‌కి రావడం కుదరదు. పండగ మర్నాడే మాకు కచేరీ ఉంది. ఆ తరవాత కూడా వరసగా ఉన్నాయి. మార్చితో నా పని అయిపోతుంది. క్రాయిడన్‌లో తివాచీల గోడౌన్‌లో గుమాస్తా ఉద్యోగం ఉందని లెస్టర్ బావమరిది చెప్పాడు. వెళ్ళి మాట్లాడొచ్చాను. ఏప్రిల్ మొదటి సోమవారం చేరమన్నారు. మంచి మనుషులు. గిటారు అమ్మేస్తాను.

దిగులు పడకు. బేస్ వాయించేవాడు మానేస్తే ఎవరికీ తెలియదు. నీకే నా సంగతి అంతగా పట్టలేదు, ఇంకెవరికి పడుతుంది?

లెస్టర్‌కి నువ్వు సూది ఎత్తేసిన సంగతి చెప్పాను. వాడు నమ్మలేదు. “అక్కడ గిటారు కేకకి మా వీధి కుక్కలు లేచి పారిపోతాయి, ఆవిడ పాట అయిపోయిందనుకుందా?” అన్నాడు. నాకూ అర్థం కాలేదు. పోనీలే.

పండగ శుభాకాంక్షలు.

డెరెక్


నెల్సన్,
6 జనవరి 1974

నాన్నా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ పొయ్యిలో వేశాను. ఇది నాలుగోది. దీన్ని పోస్టు చేసేవరకూ చలి మంట వెయ్యను.

నాకు చెవులు పోయాయిరా.

పూర్తిగా కాదు. పైవి పోయాయి. ఎత్తుగా, సన్నగా ఉండే చప్పుళ్ళేవీ నాదాకా రావు. ఐదేళ్ళ కిందట మన పెరట్లోకి పిట్టలు రావడం మానేశాయనుకున్నాను. బెర్తా వచ్చి చూసి, “గోడ మీద నాలుగు కూర్చుని నోళ్ళు తెరుస్తున్నాయి కదే” అంది. అప్పుడు తెలిసింది. కెటిల్ ఈల వినపడక రెండు కెటిళ్ళు మాడబెట్టాను. మగ్గాల గదిలో ముప్ఫై ఏళ్ళున్న వాళ్ళకి ఇది మామూలే. ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినపడదు గనక అందరం పెదాలు చూసి మాట్లాడుకుంటాం. అందుకే మనిషి ఎదురుగా ఉంటే నాకు ఏ లోటూ తెలియదు. నువ్వు ఇంటికొచ్చినప్పుడు కూడా నీ మొహం చూస్తూ గడిపేశాను. ప్రేమతో చూస్తున్నానని నువ్వు అనుకునేవాడివి. అదీ నిజమేలే.

ఫోన్‌కి పెదాలుండవు. మిసెస్ గ్రిమ్‌షా చేతికిచ్చిన దాంట్లో ఎవరో గదికి అవతల గొణుగుతున్నట్టు ఉంటుంది. మొదటి రెండుసార్లూ నువ్వని ఊహించి సరే సరే అన్నాను. మూడోసారి నువ్వనే తోచలేదు. అంతే సంగతి.

నీకెందుకు చెప్పలేదంటే, సంగీతం పట్టుకుని వెళ్ళినవాడివి. ఇంట్లో వినేదాన్ని నేనొక్కదాన్ని. నాకు వినపడదని తెలిస్తే ఇంక రికార్డు పంపుతావా? పంపవు. ఆ భయం.

ఇప్పుడు చెబుతున్నానంటే, నా అబద్ధం పట్టుకుని నువ్వు గిటారు అమ్మేస్తానంటున్నావు గనక.

నీవి కింది స్వరాలు గనక నీ రికార్డులో నాకు వినపడేది నువ్వొక్కడివే. నీతోపాటు లెస్టర్ పెద్ద డ్రమ్ము. జూలియన్‌ది ఎక్కడో దోమ తిరుగుతున్నంత కూడా లేదు. నువ్వు ఆగిపోతే నాకు రికార్డు ఆగిపోయినట్టే. అందుకే సూది ఎత్తేశాను. నిన్ను పొగడాలని ఒక్క ముక్క కూడా రాయలేదు, విన్నది రాశాను.

ఇన్ని నెలల్లో ఆ రికార్డు ఎన్నిసార్లు పెట్టానో తెలియదు. బాగా విన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఆ ఏడు లెక్క పాటలో నువ్వు ఆరు కొట్టి ఏడోది కొట్టవు. ఊరుకుంటావు. ఆ ఖాళీలో నా కాలు దానంతటది నేలకి తగులుతుంది. కొట్టకుండానే కొట్టించావు! మెట్ల పాటలో రెండోసారి వచ్చినప్పుడు ఆ దిగే మెట్టు దగ్గర కాస్త ఆలస్యం చేస్తావు. వెంట్రుకవాసి. దిగుతాడా దిగడా అని ఊపిరి బిగబట్టుకుంటాను. పత్రికలవాడికి అది పట్టలేదంటే వాడు పడుగు చూడకుండా పువ్వులు చూసి గుడ్డ కొనే రకం. ముప్ఫై ఏళ్ళు నేసినదాన్ని చెబుతున్నాను, నిలువు పడుగు గట్టిగా లాగి పట్టుకుని ఉంటేనే అడ్డంగా పేక ఎన్ని రంగులైనా పోతుంది. పడుగు ఒక్క పోగు తెగితే మగ్గం ఆపేస్తాం.

నువ్వు మానేస్తే ఎవరికీ తెలియదన్నావు. నాకు తెలుస్తుంది. నాకు ఇంకేమీ మిగలదు.

సర్కారు బొగ్గు లేదని దేశమంతా వారానికి మూడు రోజులే మిల్లులు నడపమంది. మాది ఈస్టర్‌కి పూర్తిగా మూసేస్తున్నామని శుక్రవారం కాగితం అంటించారు. ఆ సంగతి తీరిగ్గా రాస్తాను.

పిన్ని


లండన్,
11 జనవరి 1974

పిన్నీ, పిన్నీ,

ఉత్తరం పొద్దున్న అందింది. ఇంతవరకూ ఏమీ తినలేదు. నేను రాసిన ప్రతి మాటా గుర్తొస్తోంది. ముఖ్యంగా “నా గొంతు కూడా గుర్తుపట్టలేదా” అన్నది. ఆ ఉత్తరాలన్నీ పొయ్యిలో వెయ్యి. వంద మైళ్ళు కాదు, రెండొందల మైళ్ళ నుంచి కూర్చుని నీ చెవులతో దెబ్బలాడాను.

మధ్యాహ్నం ఏం చేశానో చెబుతాను. రెండు చెవుల్లో దూది కుక్కుకుని, దానిమీద నీ మఫ్లర్ చుట్టుకుని, పెట్టె మీద పైస్వరాల బొత్తాం పూర్తిగా తిప్పేసి రికార్డు పెట్టాను. లెస్టర్ తలుపు తీసి చూసి, “పంటి నొప్పా?” అన్నాడు. కూర్చోబెట్టి వాడికీ దూది పెట్టాను. ఇద్దరం విన్నాం.

ఏడాదిగా నేను వాయించింది నేనెప్పుడూ వినలేదు. ఎప్పుడూ జూలియన్‌ని వింటూ, అతనికి అడ్డురాకుండా చూసుకుంటూ వాయించాను. ఆ ఏడో దెబ్బ సంగతి నువ్వు రాసేదాకా నాకే తెలియదు. ఐదో పాటలో అనవసరంగా వాగాను, అదీ తెలిసింది. నువ్వు మర్యాదకి రాయలేదు కదూ?

ఇక రెండో వైపు మూడో పాట. నేను ఆగిపోయాక లెస్టరూ నేనూ నాలుగు నిమిషాలు దూది పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. ఏమీ లేదు. చాలా పొడుగు, పిన్నీ, నాలుగు నిమిషాలంటే. నిన్ను అందులో ఒక్కదాన్నే వదిలేశాను.

మార్చి 23న మాంచెస్టర్‌లో కచేరీ ఉంది. శనివారం, నీకు సెలవే. రెండు టిక్కెట్లు పంపుతున్నాను. ముందు వరసలు. బెర్తాని తీసుకుని రా. చెక్క నేల ఉన్న హాలు, కాళ్ళకి తెలుస్తుంది.

తివాచీల వాళ్ళకి ఇంకా ఏమీ చెప్పలేదు. అమెరికా అతని సంగతి మారలేదు. కాని గిటారు అమ్మను.

మిల్లు మూసేస్తే నువ్వేం చేస్తావు? రాయి.

నీ చెవిటి డెరెక్


నెల్సన్,
17 ఫిబ్రవరి 1974

దూది డెరెక్‌కి,

చదివి నవ్వి, కాస్త ఏడ్చి, మళ్ళీ నవ్వాను. ఐదో పాట సంగతి నిజమే. వాగావు.

రెండు టిక్కెట్లు చాలవు, ఏడు కావాలి. కంగారు పడకు, ఎవరిది వాళ్ళు కొనుక్కుంటారు, ఒక్కచోట కూర్చునేలా చూడు. ఎందుకంటే మిల్లు మూడు రోజులే గనక గురువారాలు అందరం ఖాళీ. బెర్తాకి నీ రికార్డు వినిపించాను. దాని చెవులు నాకంటే అన్యాయం. రేడియోగ్రామ్ చెక్క మీద అరచెయ్యి పెట్టమన్నాను. పెట్టింది. చూస్తుండగానే దాని మొహం మారిపోయింది. రెండు పాటలయ్యాక అడిగింది:

“మీవాడొక్కడేనా బ్యాండులో?”

“కాదే, ఐదుగురు.”

“మరి మిగతా నలుగురూ ఊరికే జీతం తీసుకుంటున్నారా?”

తరవాతి గురువారం ఐవీని లాక్కొచ్చింది. ఆ తరవాత మగ్గాల గదివాళ్ళు ఇంకో నలుగురు వచ్చారు. ఇప్పుడు ఏడుగురం రేడియోగ్రామ్ చుట్టూ చలిమంట చుట్టూ కూర్చున్నట్టు చేతులు ఆనించుకుని కూర్చుంటున్నాం. ఐవీ చాలా ఏళ్ళుగా పాట వినలేదట. పెళ్ళిలో డాన్సు చేసిన హాలు గుర్తొచ్చిందని కళ్ళు తుడుచుకుంది. ఏడు లెక్క దగ్గర ఏడుగురి కాళ్ళూ ఒక్కసారి నేలకి తగులుతాయి. కింద కొళాయి మరమ్మతుకి వచ్చినవాడు పైకి వచ్చి, “అమ్మా, ఇంట్లో మగ్గం పెట్టారా?” అన్నాడు.

మిల్లు తరవాత ఏం చేస్తానో తెలియదు. కిటికీలోంచి చూస్తే చిమ్నీ అలాగే ఉంది, పొగ మాత్రం లేదు. యాభై రెండేళ్ళకి కొత్త పని ఎవరిస్తారు? అది ఆలోచించకుండా మార్చి కోసం టోపీకి కొత్త రిబ్బను కుట్టాను.

ఏడు మర్చిపోకు.

ఎల్సీ పిన్ని


బ్రిస్టల్,
25 మార్చి 1974, సోమవారం

పిన్నీ,

మీరు బస్సెక్కాక మేము వ్యాన్‌లో ఇటు వచ్చేశాం. నిన్ను సరిగ్గా పట్టుకుని కూర్చునే సమయం కూడా దొరకలేదు.

వేదిక మీద నాకేం జరిగిందో చెప్పాలి. మీరు ఏడుగురూ రెండో వరసలో, ఏడు టోపీలు. మూడువేల మంది జూలియన్ వైపు తిరిగి ఉంటే మీరు మాత్రం నా వైపు తిరిగి కూర్చున్నారు. తరవాత ఆ మూడో పాట వచ్చింది. నా వంతు దిగి, దిగి, ఆగాను. ఎప్పటిలాగే రెండడుగులు వెనక్కి వెయ్యబోయాను. అప్పుడు బెర్తా కచేరీ అయిపోయిందనుకుని హ్యాండ్‌బ్యాగ్ అందుకుంది. ఐవీ కోటు వేసుకుంటోంది. నువ్వు మాత్రం కదల్లేదు.

అందుకే ఒక స్వరం వాయించాను. ఒక్కటి. బెర్తా బ్యాగు కింద పెట్టింది. ఇంకొకటి వాయించాను. జూలియన్ గిరుక్కున తిరిగి చూశాడు. ఇంక ఆపలేకపోయాను. హడావుడి చెయ్యలేదు, అతనికి అడ్డు వెళ్ళలేదు, కింద నడుస్తూ ఉన్నానంతే. లెస్టర్ నవ్వుతూ పెద్ద డ్రమ్ముతో కలిశాడు. నాలుగు నిమిషాలు తొమ్మిదైంది. జనం లేచి నిలబడ్డారని లెస్టర్ చెప్పాడు, నేను మిమ్మల్నే చూస్తున్నాను.

దిగి రాగానే జూలియన్ నాతో అన్నది ఒక్కటే: “అడగాల్సింది.” అంతే. ఆ తరవాత ఇవాళ్టివరకూ మాట లేదు. వ్యాన్‌లో కిటికీ వైపు తిరిగి కూర్చుంటాడు. మేనేజరు కూడా తప్పించుకు తిరుగుతున్నాడు. అర్థమైంది. అమెరికాకి టెలిగ్రాం వెళ్ళే ఉంటుంది. శనివారం ప్లిమత్ కచేరీతో నా లెక్క తేలుతుంది, వచ్చే సోమవారం క్రాయిడన్‌లో చేరతానని ఇవాళే రాసేస్తాను.

బాధ లేదు. నిజంగా. ఆ తొమ్మిది నిమిషాల కోసం ఇంకోసారైనా అదే పని చేస్తాను. ఉత్తరం రాస్తే ప్లిమత్ హోటల్‌కి రాయి, అడ్రసు వెనక ఉంది.

డెరెక్


నెల్సన్,
27 మార్చి 1974

ఒరేయ్ వెర్రివాడా,

క్రాయిడన్‌కి రాశావా? రాస్తే వెంటనే ఇంకో ఉత్తరం రాసి దాన్ని రద్దు చెయ్యి. ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్ పోస్టులో పంపుతున్నాను.

శనివారం నీ దగ్గర సెలవు తీసుకుని బయటికొచ్చామా, ఐవీ గొడుగు లోపల మర్చిపోయింది. నేను తిరిగి వెళ్ళాను. నడవా చివర అద్దాల గది ఉంది కదా, అందులో జూలియన్, ఆ లావుపాటి మేనేజరు నిలబడి మాట్లాడుకుంటున్నారు. తలుపు మూసి ఉంది. నాకూ వాళ్ళకీ మధ్య ఇరవై అడుగులు. మామూలు మనిషికి ఒక్క ముక్క వినపడదు. నాకు మాత్రం అంతా కనపడింది, ఆ గదిలో దీపం వాళ్ళ మొహాల మీదే పడుతోంది. చూడకూడదని అనుకున్నాను. కాని ఎదురుగా పెదాలు కదులుతుంటే చూడకుండా ఉండడం నా చేత కాదు, ముప్ఫై ఏళ్ళ అలవాటు.

మేనేజరు: “అయితే ఆ అమెరికా అతనికి టెలిగ్రాం కొట్టనా?”

జూలియన్: “వద్దు.”

“అదేంటి, పొద్దున్నే కదా కొట్టమన్నావు?”

“పొద్దున్న సంగతి వేరు. ఏడాది నుంచీ ఆ నాలుగు నిమిషాలూ నేను గాల్లో వేలాడుతూ వాయిస్తున్నాను. ఇవాళ కాళ్ళ కింద నేల ఉంది.”

“అయితే డెరెక్‌కి ఆ మాట చెప్పు.”

“చెబుతాను. ఇప్పుడే కాదు. అడక్కుండా వాయించాడు, ఓ నాలుగు రోజులు ఉడకనీ. నాక్కూడా క్షమాపణ చెప్పడానికి కాస్త టైము కావాలి.”

ఇంకా ఏదో అన్నాడు, అది మనకి అనవసరం.

నీకు మర్నాడే చెప్పేసి ఉంటాడనుకున్నాను. అందుకే రాయలేదు. పెద్దింటివాళ్ళు అంత నెమ్మదని నాకేం తెలుసు? అతని గురించి నేను కూడా ఏదేదో రాశాను ఇదివరకు. ఆ మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. నేల ఉందో లేదో తెలిసినవాడు మంచి పనివాడే.

మా ఏడుగురి సంగతి చెప్పనా? బస్సులో తిరిగొస్తూ ఎవరమూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకుంటే పోతుందన్నట్టు అందరం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం.

నువ్వు శనివారం ప్లిమత్‌లో మళ్ళీ వాయించు. అడగాల్సి వస్తే అడిగి వాయించు.

పిన్ని


ప్లిమత్,
31 మార్చి 1974, ఆదివారం

పిన్నీ,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. శనివారం పొద్దున్న హోటల్ కింద టీ కొట్లో కూర్చుని ఉంటే జూలియన్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. బేకన్ శాండ్‌విచ్‌ని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు.

“మాంచెస్టర్‌లో వాయించావే,” అన్నాడు. “అది మళ్ళీ వాయించగలవా?”

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కాని సంతోషం ఆగలేదు. “నీ కాళ్ళ కింద నేల కావాలంటావు, అంతేగా?” అన్నాను.

అతని మొహం నువ్వు చూసి ఉండాల్సింది. “ఆ మాట నీకెవరు చెప్పారు? ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం.”

అంతా చెప్పాను. నీ చెవులు, సూది ఎత్తడం, దూది, ఏడు టోపీలు, గొడుగు. శాండ్‌విచ్ చల్లారిపోయింది. చివరికి, “అయితే ఆవిడకి నేను లేనే లేనా?” అన్నాడు. లేవన్నాను. పెద్దగా నవ్వాడు. అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. తరవాత క్షమాపణ చెప్పాడు, బాగానే చెప్పాడు. ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చి అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ గదిలో ఇంకేమేం అన్నాడో తలుచుకుంటూ మధ్యాహ్నమంతా తిరిగాడు. ఏమన్నాడు పిన్నీ? నాకొక్కడికే చెప్పు.

రాత్రి కచేరీలో అడిగే వాయించాను. పదకొండు నిమిషాలు.

క్రాయిడన్ వాళ్ళకి రాలేనని రాశాను.

ఇప్పుడు అసలు సంగతి. జూన్‌లో కొత్త రికార్డు చేస్తున్నాం. జూలియన్ నిన్ను రమ్మంటున్నాడు. మర్యాదకి కాదు. ప్రతి పాటా నీకు వినిపించి, ఎక్కడ ఖాళీగా ఉందో, ఎక్కడ వాగానో నిన్ను చెప్పమంటాడట. రెండు వారాలు. లెస్టర్ వాళ్ళింట్లో గది ఉంది, వాళ్ళావిడ నువ్వు వస్తే పార్కిన్ నేర్చుకుంటానంటోంది. రానూపోనూ రైలు ఏర్పాటు మాదే. వస్తావు కదూ?

నీ డెరెక్


నెల్సన్,
17 ఏప్రిల్ 1974

నాన్నా డెరెక్,

ఈస్టర్‌కి ముందు గురువారం మధ్యాహ్నం మిల్లు ఆగింది. మగ్గాలు ఒక్కో వరసే ఆపారు. చివరి వరస మాదే. ఫోర్‌మన్ చెయ్యెత్తగానే ఆపేశాం. ఆ నిశ్శబ్దంలో బెర్తా ఏదో పెద్దగా అరిచింది, అలవాటుకొద్దీ. అందరం విన్నాం. తన గొంతు అంత లావని తనకే తెలియదట. నవ్వు ఆపుకోలేక మేమందరం గోడలకి ఆనుకుని నిలబడ్డాం, తరవాత ఏడ్చాం, తరవాత టీ తాగాం.

కొత్తగా ఒక కబురు. బర్న్‌లీ ఆసుపత్రి వాళ్ళు చెవులు పరీక్ష చేశారు. చెవి వెనక పెట్టుకునే యంత్రం ఇస్తారట, ఆగస్టులో. అక్కడున్న డాక్టరమ్మ నేను పెదాలు చదివే తీరు చూసి, కొత్తగా వినికిడి పోయినవాళ్ళకి సాయంత్రాలు నేర్పుతావా అని అడిగింది. జీతం ఇస్తారు. నేనేం నేర్పుతాను అన్నాను. “నాతో అరగంట నుంచీ మాట్లాడుతున్నారు, నేను గొంతు తీయలేదు, తెలుసా?” అంది. సెప్టెంబరు నుంచి మొదలు. ఐవీ కూడా వస్తానంటోంది.

జూలియన్ ఇంకేమన్నాడో చెప్పను. అతనికీ చెప్పు, నేను ఎవరికీ చెప్పనని. కాస్త నిద్రపోతాడు.

జూన్‌కి వస్తాను. బ్లాక్‌పూల్ దాటి ఎక్కడికీ వెళ్ళనిదాన్ని, రైల్వే మ్యాపు వంటబల్ల మీద పరుచుకుని చూస్తున్నాను. వచ్చేముందు రెండు షరతులు. ఒకటి, నాకు గట్టి చెక్క కుర్చీ వెయ్యి, మెత్తని సోఫా వద్దు, అందులో నీ తీగ తెలియదు. రెండోది, కుర్చీ అందరి మొహాలూ కనపడే చోట వెయ్యి. ఈ ముసలావిడకి ఏం తెలుసని ఎవరైనా గుసగుసలాడుకోవాలనుకుంటే అటు తిరిగి ఆడుకోమని నువ్వే ముందుగా చెప్పు. నేను వచ్చాక చెబితే బాగుండదు.

ఎల్సీ పిన్ని